ముప్పయ్యో నంబరు

మూడు ఫొటోలు తీయించుకోవాలి. చిరునామా కాగితం మీద ముద్ర వేయించుకోవాలి. బడి ఇచ్చిన ఉత్తరానికి నకలు తీయించాలి. బ్యాంకు రసీదు మరిచిపోకూడదు. గురువారం మొదటి క్లాసు చెప్పేసి, రెండోది ఎవరికైనా అప్పజెప్పి పరుగెత్తాలి.

హుయెన్ అన్నీ చేసింది. పరుగు మాత్రం ఆలస్యమైంది.

స్పెయిన్‌లోని సెగోవియా ఊళ్లో విదేశీయుల ఆఫీసు ముందుకు చేరేసరికి పదిన్నర.

“నంబరు చీటీలు అయిపోయాయమ్మా. రోజుకు ముప్పయ్యే. రేపు పొద్దున్నే రా” అన్నాడు కాపలాదారు.

“రేపటికి నా గడువు దాటిపోతుందండీ!”

“నన్నేం చెయ్యమంటావు?”

గడువు దాటితే ఈ దేశంలో ఉండనిచ్చే కార్డు రాదు. కార్డు లేకపోతే బడిలో ఇంగ్లీషు చెప్పే ఈ ఉద్యోగం ఉండదు. తిరుగు విమానం ఎక్కాల్సిందే.

వియత్నాం నుంచి హ్యూస్టన్ చేరిన అమ్మానాన్నలు అక్కడ గోళ్లకు రంగులేసే అంగడి నడుపుతారు. అంగట్లో అద్దం పక్కన ఆమె డిగ్రీ పటం కట్టి వేలాడదీశారు. వాళ్ల వంశంలో అదే మొదటి డిగ్రీ. గోళ్లు చాచిన ప్రతి మనిషికీ ‘మా అమ్మాయి స్పెయిన్‌లో టీచరు’ అని చెప్పందే వదలరు.

అప్పుడు కనిపించింది ఆ ముసలామె.

ఆకుపచ్చ కోటు గుండీలు మెడదాకా పెట్టుకుని, మెట్ల మీద కూర్చుని పొద్దుతిరుగుడు గింజలు కొరుకుతోంది. ఒక కూలిమనిషి ఆమె దగ్గరికి వచ్చాడు. ఆమె తన చీటీ అతనికిచ్చి, అతని చీటీ తను తీసుకుంది. అతను ఆమె జేబులో ఏదో కుక్కి లోపలికి పరుగెత్తాడు.

“ఎవరామె?” పక్కనున్న మనిషిని అడిగింది హుయెన్.

“ఏమో. పొద్దున ఒకటో నంబరు ఆమెదే. వాళ్లకిచ్చి వీళ్లకిచ్చి, ఇప్పుడు ముప్పైకి దిగింది.”

హుయెన్‌కు ఒళ్లు మండింది. ఇలాంటి చోట చీటీలు అమ్ముకునేవాళ్లు ఉంటారని ఎవరో చెప్పగా విన్నది.

“సార్! ఈమె చీటీలు అమ్ముతోంది!”

ఫోను మోగింది. బడి నుంచి. కట్ చేసింది.

కాపలాదారు వచ్చాడు. “ఏంటి పెద్దమ్మా ఇది?”

“అమ్మడమేంటి నాయనా! ఒక పిల్ల కోసం పట్టుకున్నా. అది వచ్చేదాకా తొందరున్నవాళ్లను ముందు పొమ్మంటున్నా.”

“ఆ పిల్ల పేరేంటి?”

“నోరు తిరగదు నాయనా.”

“ఎలా ఉంటుంది?”

“ఎప్పుడూ చూళ్లేదు. బంగారు రంగు జుట్టుంటుందనుకుంటా. పరాయి దేశపు పిల్ల.”

“ఇక్కడ మేమందరం పరాయి దేశపు పిల్లలమే కదవ్వా!” అన్నాడొక గడ్డపాయన. అంతా ఘొల్లుమన్నారు.

ఫోను మళ్లీ మోగింది. మళ్లీ కట్ చేసింది.

“పేరు తెలియదు, మొహం తెలియదు!” నల్లజడ విదిలించింది హుయెన్. “జేబులో ఏముందో చూపించమనండి సార్.”

ముసలామె జేబు బోర్లించింది. రెండు కమలాలు. ఒక చేతిరుమాలు.

“డబ్బు ఇంకెక్కడో దాచి ఉంటుంది.”

ముసలామె మొహం కందిపోయింది. “ఆ పిల్లకు ఈరోజే ఆఖరు తల్లీ. లేకపోతే పంపించేస్తారట.”

“నాకూ ఈరోజే ఆఖరు!”

ముసలామె ఆమెను ఒక్క క్షణం చూసింది. చీటీ చాచింది.

“అయితే తీసుకో. ఎదురుగా ఉన్నదానివి నువ్వు. అది వస్తుందో రాదో.”

హుయెన్ చీటీ లాక్కుంది. థాంక్స్ కూడా చెప్పలేదు.

ఒంటిగంటకు పని ముగించుకుని బయటికొచ్చింది. ముసలామె ఇంకా మెట్ల మీదే ఉంది. వీధి మలుపు వైపు చూస్తోంది. హుయెన్ మొహం పక్కకు తిప్పుకుని వెళ్లిపోయింది.

మర్నాడు టీచర్ల గదిలో కథంతా అభినయించి చెప్పింది. కమలాల దగ్గరికొచ్చేసరికి అందరూ పగలబడి నవ్వారు.

“భలే గడ్డి పెట్టావు!” అన్నాడు లెక్కల టీచరు.

గుమ్మంలో తాళాలగుత్తితో నిలబడ్డ లెయాంద్రో నవ్వలేదు. బడి గేటు చూసుకునే పెద్దాయన ఆయన.

“నిన్న రెండుసార్లు ఫోను చేశానమ్మాయ్. కట్ చేశావు.”

“ఆ గొడవలో ఉన్నానండీ.”

“ఆకుపచ్చ కోటా?”

“అవును. మీకెలా తెలుసు?”

“ఆమె పేరు ఫ్వెన్సీస్లా. మీరంతా ఇళ్లకు వెళ్లాక ఈ గదులు తుడిచేది తనే. పదిహేడేళ్లుగా.”

గదిలో నవ్వు ఆగిపోయింది.

“ఆమెకు... విదేశీయుల ఆఫీసులో ఏం పని?”

లెయాంద్రో తాళాలగుత్తి జేబులో వేసుకుని ఆమెకేసి చూశాడు.

“నేను వెళ్లి కలుస్తాను. సాయంత్రం వస్తుందిగా?”

“నిన్నటితో తన కొలువు అయిపోయింది. ఈ పొద్దున బస్సుకు చెల్లెలి దగ్గరికి, లియోన్ వెళ్లిపోయింది. బస్సెక్కుతూ కూడా ఒకటే గోల. ‘ఆ పిల్ల రానేలేదు లెయాంద్రో, పాపం, పంపించేస్తారేమో’ అని.”

హుయెన్ తల ఎత్తలేకపోయింది. ఎంతసేపు చూసినా ఆ నేల మీద ఒక్క మరకైనా కనిపించలేదు.

ఎప్పుడైనా ఏ ఆఫీసు మెట్ల మీదైనా, పేరూ మొహమూ తెలియని మనిషి కోసం చీటీ పట్టుకుని కూర్చున్నవాళ్లు మీకు కనిపిస్తే ఫ్వెన్సీస్లాను ఒక్కసారి తలుచుకోండి. బడికొచ్చిన అమెరికా టీచరు గడువు సంగతి లెయాంద్రో నోట విని, ఆ రోజు ఒకటో నంబరు నుంచి ముప్పయ్యో నంబరుదాకా దిగుతూ, ఆమె చలిలో ఎదురుచూసింది హుయెన్ కోసమే.