సున్నా ట్యూబు

మెట్ల మీద దగ్గు వినబడగానే ఆమె మాస్కు పైకి లాక్కుంది.

మంగళవారం ముసలాయన వచ్చాడు.

పేరేమిటో ఆమె ఎప్పుడూ అడగలేదు. నెలకో మంగళవారం వస్తాడు, అందుకే ఆమె పెట్టుకున్న పేరది. ల్యాబులోని పెద్ద టెక్నీషియన్ ఆయన్ని లోపలి గదిలోకి తీసుకెళ్లి, పావుగంటలో పంపించేస్తాడు. టెక్నీషియన్‌కి దూరపు చుట్టం కాబోలు, పనీపాటా లేక వస్తాడు కాబోలు అనుకునేది.

వెళ్లేటప్పుడు మాత్రం ఆమె బల్ల దగ్గర ఆగుతాడు.

"పని ఎంతవరకు వచ్చిందమ్మా?"

"అవుతోందండీ" అంటుంది తలెత్తకుండా.

ఆ మాట అడిగేవాళ్లు ఆమెకు ఈ ఊళ్లో ఇంకెవరూ లేరు. అయినా దగ్గే మనిషితో కబుర్లేమిటని విసుగు. ఒకసారైతే తన గదిలోకి రావద్దని మొహం మీదే చెప్పేసింది. ఆయన నొచ్చుకోలేదు. ఆ తర్వాత గుమ్మం అవతల నిలబడే అదే మాట అడిగేవాడు.

ఆమె పరిశోధనంతా ఒక ప్రొటీన్ చుట్టూ. సూక్ష్మజీవుల ఒంటిమీది చక్కెరను పట్టుకుని మనల్ని కాపాడే ప్రొటీన్ అది. అది రక్తంలో ఉందో లేదో చెప్పేది చిన్న సీసాలోని యాంటీబాడీ. ప్రొటీన్ దొరికితే దానికి అంటుకుంటుంది, పరీక్ష పళ్లెంలో పసుపు రంగు తేలుతుంది.

ఆ మంగళవారం గడిచి నెల కావచ్చింది. మూడేళ్ల పని చివరికొచ్చేసరికి పాత సీసా అయిపోయి కొత్తది వచ్చింది, ఆఖరి పరీక్షలన్నీ దానితోనే చేసింది. ఆ ప్రొటీన్ బొత్తిగా లేని రక్తంలో వేసి, రంగు రాలేదని చూపిస్తేనే కొత్త సీసాను నమ్ముతారు. రంగు వచ్చిందంటే అది అడ్డమైన వాటన్నిటికీ అంటుకునే రకమన్నమాట. అప్పుడు చేసిందంతా బూడిదలో పోసిన పన్నీరే. థీసిస్ ఇవ్వడానికి పదిరోజులే ఉన్నాయి.

అలాంటి రక్తం ఫ్రీజరులో 'సున్నా' అని రాసిన ట్యూబుల్లో ఉండేది. కంపెనీ నుంచి వచ్చేవే అనుకుంటూ వాడేసింది. ఇవాళ చూస్తే ఒక్కటీ లేదు.

వెంటనే ఆర్డరు పెట్టమని టెక్నీషియన్‌ని అడిగింది.

"అవి కొంటే దొరికేవి కావమ్మా" అన్నాడాయన.

మంగళవారం ముసలాయన పోయి మూడు వారాలైందని చెప్పాడు. ఒంటరివాడట. ఆస్పత్రి కాగితంలో దగ్గరివాళ్ల నంబరు రాయాల్సిన చోట ఈ ల్యాబు నంబరే రాశాడట. చిన్న జలుబు కూడా తట్టుకోలేని ఒళ్లని, జనంలో తిరగొద్దని డాక్టర్లు చెప్పినా రెండు బస్సులు మారి వచ్చేవాడట.

ఆయన దగ్గుకు తను భయపడింది. భయపడాల్సింది ఆయన. ఆమెకు తల కొట్టేసినట్టయింది.

"మరి ఇక్కడికెందుకు వచ్చేవారండీ?"

టెక్నీషియన్ ఫ్రీజరు తలుపు మెల్లగా మూశాడు.

"రక్తం ఇవ్వడానికి. నువ్వు వాడిన సున్నా ట్యూబులన్నీ ఆయనేనమ్మా."