పాత సర్వర్‌కి ముప్పై ఒక్క చావులు

"నువ్వు ముట్టుకుంటే సర్వరు పోద్ది, పోరా!" అని మా కోల్డ్ స్టోరేజీ మేనేజరు యలమందయ్య గారు హమాలీలందరి ముందూ నన్ను పనిలోంచి తీసేశారు. ఆ సాయంత్రమే పగ తీర్చుకోవడం మొదలుపెట్టాను.

ఆయన ప్రాణమంతా ఇరవయ్యేళ్లనాటి ఆ సర్వరే. ఏ రైతు మిర్చి టిక్కీ బస్తాలు ఏ గదిలో ఉన్నాయో దానికొక్కదానికే తెలుసు. దాని పాత ఆపరేటింగ్ సిస్టమ్‌తో సహా అచ్చం అలాంటి ఉత్తుత్తి సర్వర్‌ను నా ల్యాప్‌టాప్‌లో తయారుచేసి, యలమందయ్య అని శాస్త్రోక్తంగా పేరుపెట్టి, రోజుకొక రకంగా చంపాను.

ముప్పై రెండో రోజున ఆయనే ఫోన్ చేశారు.

"షఫీకూ, కరెంటు పోయొచ్చాక సర్వరు లేవట్లేదయ్యా. దర్శి రైతులు గేటు ముందు లారీలు పెట్టుకుని తిడుతున్నారు. ఒక్కసారి రావా?"

వెళ్లి చూశాను. అది నా పంతొమ్మిదో రకం చావు.

"ముట్టుకోమంటారా అండీ?" అన్నాను, హమాలీలందరికీ వినపడేలా.

"ముట్టుకో బాబూ, నీకు పుణ్యముంటుంది!"

పది నిమిషాల్లో లేచింది.

"ఇదంతా ఎక్కడ నేర్చావయ్యా?"

"మీ చలవేనండి," అన్నాను. అబద్ధమేం కాదు. రోజూ చంపాలంటే రోజూ బతికించుకోవాలి కదా!

ఉద్యోగం తిరిగిచ్చారు. దణ్ణం పెట్టి ఇంటికెళ్లి, యలమందయ్యని ముప్పై రెండోసారి చంపాను.