వింటున్నాను, చెప్పండి

జపాన్‌లో ఎవరైనా విజిటింగ్ కార్డు ఇస్తే రెండు చేతులా అందుకుని, పేరు చదివి, తల వంచాలి. నగుమో ఒంటిచేత్తో తీసుకుని దాని మీద టీ కప్పు పెట్టేశాడు.

"కమినోసే ఊరి తరఫున వచ్చానండీ, నగుమో సాన్," అంది కార్డు ఇచ్చినావిడ. అతని మెడలో వేలాడే బ్యాడ్జీ చదివే అంది.

"ఆ మూల కుర్చీ ఉంది, కూర్చోండి పెద్దమ్మగారూ. దేన్నీ ముట్టుకోకండి."

ఆవిడకు అరవై దాటి ఉంటాయి. తెచ్చిన చెస్ట్‌నట్ మిఠాయి డబ్బా బల్ల మీద పెట్టి, గుడ్డసంచి ఒళ్లో పెట్టుకుని బుద్ధిగా కూర్చుంది.

నగుమోకి నిజంగానే ఊపిరి సలపడం లేదు. కమినోసేలో ఎవరి ప్రాణం మీదికి వచ్చినా 119 కొడతారు. ఆ కాల్స్ అందుకునే మెషీన్, అంటే ఒక ప్రోగ్రాం, ఈ పాత భవనంలోని సర్వర్‌లో నడుస్తోంది. సాయంత్రం నాలుగింటికి ఇక్కడ కరెంటు తీసేస్తారు. ఈలోగా దాన్ని కొత్త భవనంలోని సర్వర్‌కి మార్చాలి, అదీ నడుస్తుండగానే.

"కొత్త సర్వర్ 'సిద్ధం' అనేదాకా ఆగమని మార్పిడి చేసే పాత ప్రోగ్రాంలో ఉండేదిగా, తీసేశారేం?" అంది పక్క సీట్లోని శినొద.

"ముసలి కోడ్. అది లేకుండానే నా టెస్టులో యాభైసార్లు నడిచింది."

"టెస్టులో సర్వర్ ఖాళీగా ఉంది కదండీ."

"నువ్వు చూస్తూ ఉండు."

మీట నొక్కాడు. కొత్త సర్వర్ ఇంకా తలుపే తెరవలేదు, పాత సర్వర్ వెళ్లి తట్టేసింది. పని మొదలవకుండానే ఆగిపోయింది. నయం, మెషీన్ ఎక్కడిదక్కడే ఉంది.

"కాస్త తొందరపడింది, అంతే. పది సెకన్లు ఆగి వెళ్లమంటాను."

"పది సరిపోతాయని ఎవరు చెప్పారు?" అని వినిపించింది మూలనుంచి.

"నేనే చెప్తున్నా, పెద్దమ్మగారూ."

శినొద నవ్వాపుకుంది.

ఈసారి తలుపు తెరిచే ఉంది. వెళ్లాల్సినవి అయిదు కనెక్షన్లు. ఒకటి ఆజ్ఞలు చెప్పడానికి, నాలుగు సరుకు, అంటే డేటా, మోయడానికి. సరుకు మోసేదొకటి ముందు దూరింది. అదే ఆజ్ఞలు చెప్పేదనుకుని కొత్త సర్వర్ దాని మాట వినబోయింది. మెషీన్ అక్కడా లేవలేదు, ఇక్కడా పలకలేదు.

తెర ఎర్రబడింది. "ముందొచ్చింది ఏదో అడక్కుండానే లోపలికి రానిచ్చేసింది!" అంది శినొద.

"వెనక్కి తే! పాత చోటే లేపు!" అరిచాడు నగుమో.

సరిగ్గా అప్పుడే ఆవిడ సంచిలో ఫోన్ మోగింది.

"వింటున్నాను, చెప్పండి. ముందు మీరెవరు? ఎక్కడున్నారు?"

నగుమోకి ఒళ్లు మండిపోయింది.

"ఈ గదిలో ఫోన్లు కుదరవు! మేమిక్కడ చస్తుంటే మీకు కబుర్లా? బయటికెళ్లి మాట్లాడుకోండి!"

ఆవిడ ఫోన్ చెవినుంచి తీయకుండానే, కోటు కూడా వేసుకోకుండా, మంచు పడుతున్న వరండాలోకి వెళ్లిపోయింది. తలుపు సందులోంచి గొంతు వినిపిస్తూనే ఉంది.

"ఒకటి, రెండు, మూడు, నాలుగు... ఆపకు. ఇంకా గట్టిగా. నేనున్నాగా. మళ్లీ ఒకటి..."

"మనవడికి అంకెలు నేర్పుతోంది," అన్నాడు నగుమో పళ్లు కొరుకుతూ.

ఆరు నిమిషాలకు మెషీన్ పాత చోటే లేచింది. ఆ తర్వాత ఇంకాసేపటికి గాని ఆవిడ లోపలికి రాలేదు. జుట్టంతా మంచు. పెదవులు నీలంగా ఉన్నాయి.

"నగుమో సాన్, నాకు మీ పని తెలీదు. కానీ అవతలివాళ్లు వింటున్నామని చెప్పకముందే మాట్లాడితే, ఆ మాట ఎవరి చెవిన పడుతుంది? వచ్చింది ఎవరో అడక్కుండా లోపలికి రానిస్తే పనెలా సాగుతుంది?"

కసురుకోబోయి ఆగాడు నగుమో. ఆవిడ ఫోనెత్తగానే అన్న మాటలు చెవిలో మోగాయి. వింటున్నాను. మీరెవరు?

"శినొదా, తీసేసిన ఆ పాత కోడ్ మళ్లీ పెట్టు. 'సిద్ధం' అని జవాబొచ్చాకే బయల్దేరాలి. ఇంకోటి కూడా చెయ్. అయిదింటిలో ఏది వెళ్లినా ముందు తన పేరు చెప్పాలి."

"అప్పుడు ఏది ముందొచ్చినా ఫరవాలేదు!"

"అదే కదా!"

ముందు టెస్టులో, సర్వర్‌ని కావాలనే పనితో ముంచి, నడిపి చూశారు. ఒక్కసారి కూడా తడబడలేదు. మూడూ నలభై ఒకటికి అసలు మెషీన్ కొత్త సర్వర్‌లో కళ్లు తెరిచింది. శినొద చప్పట్లు కొట్టింది. నగుమో కుర్చీలో వెనక్కి వాలి, గెలిచినవాడిలా నవ్వాడు.

ఆవిడ తలవంచి, కోటు తొడుక్కుని, బస్సుకు టైమైందని వెళ్లిపోయింది. నగుమో తల కూడా తిప్పలేదు.

నాలుగు కావస్తుండగా మిఠాయి డబ్బా విప్పారు. అంతలో కమినోసేనుంచి శినొదకు ఫోన్. విని పెట్టేశాక ఆమె మిఠాయి ముట్టలేదు.

"మెషీన్ పలకని ఆ ఆరు నిమిషాల్లో ఒక కాల్ వచ్చిందట."

నగుమో మొహం పాలిపోయింది. "ఎవరికేమైంది?"

"చేపలమ్మే ఆయనకు గుండె ఆగింది. అంబులెన్సు వచ్చేదాకా కూతురు ఛాతీ నొక్కుతూనే ఉందట. ఫోన్‌లో ఎవరో ఒకటి, రెండు అని లెక్కపెట్టిస్తూనే ఉన్నారట. బతికాడు."

నగుమో టీ కప్పు ఎత్తాడు. కింద కార్డు మీద గుండ్రంగా తడి మరక.

పరుగున రోడ్డు మీదికి వచ్చాడు. బస్టాప్‌లో మంచు తప్ప ఎవరూ లేరు.

అక్కడే నిలబడి, కార్డును రెండు చేతులా పట్టుకుని మొదటిసారి చదివాడు: 'ఇసొగాయ్ హత్సుయె, కమినోసే అగ్నిమాపక కేంద్రం', దాని కింద అతనికోసమే పెన్నుతో రాసిన ముక్క, 'ఈరోజు మెషీన్ పలకకపోతే ఊరి 119 నా ఫోన్‌కే వస్తుంది, దయచేసి నన్ను లోపలే ఉండనివ్వండి.'