వాచీ వెనక మూత

ఎక్కడెక్కడి చెడిపోయిన పాత వాచీలనో కొనితెచ్చి బాగుచేయడం ఆమెకు సరదా. నెలల తరబడి కూర్చుని బతికించిన వాచీని భర్త చెప్పాపెట్టకుండా పట్టుకెళ్లి తన పై అధికారికి బహుమతిగా ఇచ్చేశాడు.

“పాత ఇనుముకి ఇంత రాద్ధాంతమా?” అన్నాడు అడిగితే.

ఆమెకు ఒళ్లు మండిపోయింది. వాచీ తిరిగి తెచ్చుకోవాలని మర్నాడు నేరుగా అధికారి గదికే వెళ్లింది.

ఆమె నోరు తెరిచేలోపే ఆయన నవ్వుతూ వాచీ పెట్టుకున్న చెయ్యి చాపాడు. “చూడమ్మా, ఎంత బాగా నడుస్తోందో! మీవారి చేతిలో ఏదో మహత్తు ఉంది. నెలల తరబడి తనే కూర్చుని బాగుచేశాడట కదా! ఒక్కమాట, ఏమీ అనుకోకు. పాత ఇనుము ముందేసుకుని కూర్చుంటాడని నువ్వు రోజూ సాధిస్తావట. పాపం, ఆ ఒక్క సరదా అయినా అతనికి మిగలనీ తల్లీ.”

ఆమె వాచీ ఇమ్మని అడగనే లేదు. కొనేముందు వాచీ లోపల చూడటానికి ఎప్పుడూ బ్యాగులో ఉంచుకునే, మూత తెరిచే పనిముట్టును తీసి ఠక్కున బల్లమీద పెట్టింది.

“ఆయన్నిక్కడికి పిలవండి సార్. ఆ వెనక మూత ఒక్కసారి తెరవమనండి. నేనూ చూస్తాను.”