రాజు మళ్ళీ లేచాడు

భీమప్ప ఈ పూట ఒక్కసారి మాత్రమే చావాలి.

ఆ సంగతి తెర లేవబోయే ముందు హార్మోనియం శివయ్య ఆడవాళ్ళ వైపు వచ్చి, భీమప్ప భార్య బుగ్గమ్మ చెవిలో చెప్పాడు.

“వదినె, అనంతగిరి దవాఖానల ఛాతీ ఫోటో తీసిండ్రు. రాతిపొడి లోపలంత పేరుకున్నదట. పాట బందు పెట్టమన్నరు. ఒక్క పద్యం పాడి పడిపోత అంటున్నడు. రెండోసారి ఎత్తుకుంటే నెత్తురు కక్కుతడు.”

“నాకెందుకు చెప్పలే?”

“చెప్పొద్దని ఒట్టేయించుకున్నడు. నేనేం జేద్దు?”

గంట కొట్టారు. శివయ్య పరుగెత్తాడు.

భీమప్ప తాండూరు నాపరాయి గనుల్లో కూలి. ఏడాదికొక్కసారి నాటకంలో రాజు. బాణం తగిలి, పద్యం పాడి ప్రాణం విడిచే రాజు. పద్యం నచ్చితే జనం ‘వన్స్ మోర్’ అంటారు. అన్నారంటే చచ్చిన రాజైనా లేవాలి. మళ్ళీ పాడి మళ్ళీ చావాలి. లేవకపోతే తలవంపు. పోయిన ఏడు వికారాబాదులో ఒక్క గొంతూ ఆ మాట అనలేదు. భీమప్ప రెండు రోజులు అన్నం ముట్టలేదు.

ఆదివారం మధ్యాహ్నం. పత్తి గోదాము కిక్కిరిసింది. ఆడవాళ్ళకూ మగవాళ్ళకూ నడుమ తాడు కట్టారు. మగవాళ్ళ ముందు వరసలో, బంట్వారం నుంచి బండ్లు కట్టుకొచ్చిన బుగ్గమ్మ అన్నదమ్ములు. వాళ్ళ వెంట మరో పదిమంది, భుజాల మీద గొంగళ్ళతో.

భీమప్ప పాడాడు. పడ్డాడు. చప్పట్లు.

ఊరుకోండన్నట్టు బుగ్గమ్మ కంగారులో చెయ్యెత్తింది. పెద్దన్న ఎల్లప్ప చూసి లేచి నిలబడ్డాడు.

“వనుసుమోరు!”

గొంగళ్ళవాళ్ళంతా అందుకున్నారు. చుట్టూ ఉన్నవాళ్ళు నవ్వారు. నవ్వి, తామూ గొంతు కలిపారు.

రాజు లేచాడు. పాడాడు. ఈసారి చివరి పాదం దగ్గర దగ్గు వచ్చింది. బాణం నొప్పి అనుకుని జనం ఇంకా మెచ్చుకున్నారు.

బుగ్గమ్మ లేచి, వద్దు వద్దని చెయ్యి అటూ ఇటూ ఊపింది. ఎల్లప్ప తలపాగా విప్పి గాలిలో తిప్పాడు.

“వనుసుమోరు!”

“వద్దురా అన్నా!” అని అరిచింది. ఆ హోరులో ఆమె మాట ఆమెకే వినబడలేదు. తాడు దాటబోయింది. కాపలా ఉన్నాయన కర్ర అడ్డం పెట్టాడు.

“అటు మొగోళ్ళున్నరు. కూసో అమ్మా!”

కూర్చుంది. రెండు చేతులూ కొంగు కింద దాచేసుకుంది. ఇక లాభం లేదు. గోదాము మొత్తం అరుస్తోంది.

మూడోసారి పాడి పడ్డ రాజు అంగవస్త్రంతో మూతి తుడుచుకున్నాడు. ఎర్ర బట్ట. దాని మీద ఏ మరకా కనబడదు. అతను జనం వైపు చూసి నవ్వాడు. మోచేతి మీద బలం ఆన్చి, నాలుగోసారి లేవసాగాడు.

పక్కనున్న భాగమ్మ మోచేత్తో పొడిచింది.

“ఏం నసీబే నీది! ఊరంత నీ మొగణ్ణి నెత్తిన పెట్టుకుంటుంటే మురువక, ఏడుస్తవేందే?”

పొద్దున ఇంట్లో గుగ్గిళ్ళు పెట్టి, నోరు తిరగని ఆ మాటను పదిసార్లు పలికించి, ‘పద్యం అయినంక నేను చెయ్యెత్తినప్పుడల్లా అరువుండ్రి’ అని అన్నదమ్ములకు నేర్పింది బుగ్గమ్మే.