పిడికిలి

ఆ రోజు కూడా ముసలాయన పిడికిలి చూపించాడు.

పొద్దున్న ఆరున్నర. ట్రెంట్ తన నీలం రంగు స్పోర్ట్స్ కారులో డ్యూటీకి బయల్దేరాడు. వీధి చివరి ఇంటి ముందు, పోస్టు డబ్బా పక్కన, నడవడానికి ఆసరాగా చక్రాల స్టాండు పట్టుకుని ఎప్పటిలాగే ఆయన నిలబడి ఉన్నాడు.

కారు దగ్గరికి రాగానే కుడి చెయ్యి పైకెత్తి, పిడికిలి బిగించి, రెండుసార్లు కిందికి గుంజాడు.

"దొరికితే కొట్టేసేలా ఉన్నాడు!" అని పళ్ళు నూరి, ట్రెంట్ కావాలనే యాక్సిలరేటర్ ఇంకాస్త తొక్కాడు.

వీధి దద్దరిల్లింది. అద్దంలో చూస్తే ముసలాయన మూతి ఒక పక్కకి వంకర తిరిగింది.

ట్రెంట్‌కి తృప్తిగా అనిపించింది.

కారుతో వచ్చిన కంపెనీ సైలెన్సర్‌ని మొదటి నెలలోనే పీకించేశాడు. దాంతో నడిపితే ఫ్రిజ్ నడిపినట్టుందని అతని బాధ. మెకానిక్ గస్ షాపులో లావు గొట్టాల సైలెన్సర్ బిగించుకున్నాడు. గోడౌన్‌లో పగలంతా అట్టపెట్టెలు మోసే మనిషి. అక్కడ అతని పేరు కూడా సరిగ్గా ఎవరికీ తెలియదు. పొద్దున్న ఆ మోత విన్నప్పుడే తానూ ఒకడున్నానని అతనికి అనిపించేది.

సాయంత్రం ఇంటికొస్తే తలుపుకి పోలీసుల కాగితం అంటించి ఉంది.

సౌండు మీద ఇప్పటికి రెండు ఫిర్యాదులు వచ్చాయట. మూడోది వస్తే కారు పట్టుకుపోతారట. ఫిర్యాదు చేసినవాళ్ళ పేరు మాత్రం లేదు.

పేరెందుకు? ట్రెంట్‌కి తెలుసు కదా!

"రెండిట్లో ఏదో ఒకటి తేల్చుకోరా" అన్నాడు గస్ తన షాపులో ఆ కాగితం చదివి, చేతులు తుడుచుకుంటూ. "ఇదే ఉంచితే కారు పోతుంది. కంపెనీది బిగిస్తే కారుంటుంది, నీ ప్రాణం పోతుంది."

"అంతా ఆ ముసలాడి వల్లే."

"ఒక్కసారి కారు ఆపి మాట్లాడరాదూ?"

"మాటలేంటి? రోజూ పిడికిలి చూపిస్తుంటే!"

"రోజూ ఆయన చెవి దగ్గరే నువ్వు సౌండు పెంచుతున్నావు. జోడీ బాగానే కుదిరింది."

ట్రెంట్ వంగి ఆ గొట్టాలని ఒకసారి చేత్తో తడిమాడు.

"కంపెనీదే బిగించు" అని బయటికి వెళ్ళిపోయాడు. అవి ఊడుతుంటే చూడలేకపోయాడు.

మర్నాడు కారు చప్పుడు లేకుండా వెళ్ళింది. పక్కకి వచ్చి ఆగేదాకా ముసలాయనకి తెలియనే లేదు.

ట్రెంట్ అద్దం దించాడు.

"ఏం పెద్దాయనా, నీ కోరిక తీరిందా? ఇక హాయిగా పడుకో."

ఆయన కారు వెనక వైపు చూశాడు. మళ్ళీ ట్రెంట్ మొహంలోకి చూశాడు. మెల్లగా చెయ్యెత్తి పిడికిలి కిందికి గుంజాడు. ఒకసారి, రెండుసార్లు, మూడుసార్లు. గొంతులోంచి "ఆ... ఆ..." అని ఏదో వచ్చింది.

"ఇంకా ఏం కావాలయ్యా? దిగి తోసుకుంటూ పొమ్మంటావా?"

ఆయన కంట్లోంచి నీళ్ళు కారాయి. చలిగాలికేమో అనుకుని ట్రెంట్ అద్దం ఎత్తేశాడు.

మరో మూడు రోజులు పిడికిలి కనబడింది. ఆ తర్వాత పోస్టు డబ్బా పక్కన ఎవరూ లేరు.

పీడ వదిలిందనుకున్నాడు.

ఆ తర్వాత రెండో శనివారం ఆ ఇంటి ముందు కార్లు బారులు తీరి ఉన్నాయి. సంతాపపు నల్ల బట్టల్లో మనుషులు, రేకు కప్పిన వంట పళ్ళేలు పట్టుకుని లోపలికి వెళుతున్నారు. ట్రెంట్ కారు నెమ్మది చేశాడు. నడివయసు ఆవిడ గబగబా మెట్లు దిగి వచ్చింది.

"నేను నొరీన్‌ని. లాయిడ్ గారి అమ్మాయిని. పొద్దున్నే వెళ్ళే నీలం కారు ఇదేనా?"

"ఇప్పుడు సౌండేం లేదండీ. కంపెనీ సైలెన్సర్ బిగించేశాను" అన్నాడు ట్రెంట్ కంగారుగా.

"అదే అడుగుదామనుకున్నాను. ఎందుకు మార్చేశారు?"

"మీ నాన్నగారు ఫిర్యాదు చేశారు కదా?"

"నాన్నా?" ఆమె తెల్లబోయింది. "పక్షవాతం వచ్చి మాట పడిపోయిందండీ. మూతి కూడా ఒక పక్కే కదిలేది, నవ్వినా అంతే. మీ కారు మీద సంతకాలకని వీధిలోవాళ్ళు మా ఇంటికీ వచ్చారు. పెన్ను చేతికిస్తే విసిరికొట్టాడు."

ట్రెంట్ ఇంజను ఆపేశాడు.

"ఇక మంచం దిగడన్నారు డాక్టర్లు. మీ కారు కోసం ఐదింటికే లేచి బూట్లు తొడగమని సైగ చేసేవాడు. సౌండు ఆగిపోయాక కూడా నాలుగు రోజులు నిలబడ్డాడు. ఐదో రోజు బూట్లు తెస్తే కాళ్ళు ముడుచుకున్నాడు."

"మరి... ఆ పిడికిలి?"

"మీ చిన్నప్పుడు మీరు చెయ్యలేదా? కారు వెనక సీట్లో కూర్చుని, పక్కన పెద్ద లారీ కనబడితే?"

ట్రెంట్ చెయ్యి తనకి తెలియకుండానే పైకి లేచింది. పిడికిలి బిగించి, లారీ డ్రైవరు హారన్ తాడు లాగినట్టు కిందికి లాగడం. హారన్ కొట్టమని అడగడం. ఎన్నిసార్లు చేశాడో! ఈ దేశంలో అది చెయ్యని పిల్లలెవరు?

తెరిచిన తలుపులోంచి పూల మధ్య ఫొటో కనబడుతోంది. పద్దెనిమిది చక్రాల లారీ కిటికీలో, హారన్ తాడు మీద చెయ్యి వేసి, మొహమంతా నవ్వుతున్న ఓ కుర్ర డ్రైవరు.

నొరీన్ కూడా అటే చూస్తూ అంది.

"ముప్పై ఎనిమిదేళ్ళు లారీ నడిపాడండీ నాన్న, రోడ్డు మీద పిడికిలెత్తిన ఒక్క పిల్లాణ్ణి కూడా హారన్ కొట్టకుండా దాటిపోలేదు."