తీతువు గొంతు

ఎండిన వాగుకు ఈ గట్టున కుందేళ్లు, ఆ గట్టున కౌజుపిట్టలు ఉండేవి. నక్క వస్తే అరవడానికి కుందేళ్లు ఒక తీతువును పెట్టుకున్నాయి. బదులుగా దాని గుడ్ల మీదికి కాకులు రాకుండా చూసేవి.

"కాస్త మెల్లగా అరవమ్మా. గుడ్లు కాయని కౌజులకు కూడా ఊరికే వినపడుతోంది," అంది కుందేళ్ల పెద్ద.

తీతువు గొంతు తగ్గించింది. మర్నాడు దూరంగా మేస్తున్న ఆ పెద్దకే అరుపు వినపడలేదు. తోక బొచ్చు నక్క నోట్లో వదిలేసి బతికి బయటపడింది.

ఒగరుస్తూనే వాగు దాటి కౌజులతో అంది: "తీతువు ఇక మీకూ అరుస్తుంది. కాకుల్ని తోలడంలో మీకూ వంతు."

"గుడ్లు మీ గట్టున ఉంటే మేమెలా కాస్తాం, పెద్దమ్మా?" అంది ఒక కౌజు.

"ఈసారి వాగు మధ్య ఇసుకలో పెడతాలే," అంది తీతువు.

మళ్లీ నక్క వచ్చింది. తీతువు గొంతెత్తి అరిచింది. నక్క రెండు గట్లూ వెతికింది. రెండూ ఖాళీ.